ఏడు గళ్ళ ఆలస్యం

తమ్ముడు చేసిన తప్పులన్నీ దిద్దడం ఆమె పూర్తిచేసిన రోజు ఆదివారం. నవంబరు ఆఖరి వారం. పోయిందేమిటో తెలియడానికి మరో వారం పట్టింది. పోయింది మాత్రం ఆ రోజే, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, ఆమె చేతుల మీదుగానే.

ఆమె హైస్కూల్లో సైన్సు టీచరు. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసు. వీధిలో పెద్దాచిన్నా అందరికీ టీచరుగారే. మేడ ఇంట్లో కింది వాటా ఆమెది, పై వాటా తమ్ముడిదీ మరదలిదీ. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "రోజూ రెండొందల మంది పిల్లల్ని చూస్తున్నాను, చాలదా?" అనేది ఒకప్పుడు. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు.

తమ్ముడు ట్రాఫిక్ సిగ్నళ్ళు బాగుచేసే మెకానిక్కు. ఏ కూడలిలో ఎర్రదీపం ఆరిపోయినా నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళేవాడు. "ఊరందరినీ ఆపుతాను గానీ ఇంట్లో ఇద్దరాడవాళ్ళని మాత్రం ఆపలేను" అని నవ్వేవాడు. జూన్ నెలలో ఒక పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ, మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ, అలాగే పక్కకు ఒరిగాడు. నలభై ఏడేళ్ళు. కుడి బూటు లేసు కట్టుకోవడం అయింది. ఎడమది కాలేదు.

ఆరేళ్ళుగా ప్రతి డిసెంబరులోనూ అతను ఇంటి ముందు క్రిస్మస్ దీపాలు కట్టేవాడు. అవి ఊరికే వెలిగి ఆరే దీపాలు కావు. పాటతోపాటు ఆడతాయి. డ్రమ్ము కొడితే వరండా స్తంభాలు వెలుగుతాయి. గంటలు మోగితే ప్రహరీ అంచు మెరుస్తుంది. కోరస్ అందుకుంటే గేటు పక్క చెట్టుతో సహా ఇల్లంతా ఒక్కసారి లేచి నిలబడుతుంది. ఆరున్నరకి ఒకసారి, ఏడింటికి ఒకసారి, ఏడున్నరకి ఒకసారి. ఆ తరవాత పిల్లలు చదువుకోవాలి కనక ఆపేయాలని టీచరు పెట్టిన నియమం.

దీనికంతటికీ ఆధారం ల్యాప్‌టాప్‌లో ఉన్న ఒక గళ్ళ కాగితంలాంటిది. పైనుంచి కిందికి పదహారు వరసలు. ఒక్కో వరసకి ఒక్కో చోటి దీపాలు. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది, సెకనుకు ఇరవై గళ్ళ చొప్పున. ఏ గడిలో గుర్తు పెడితే ఆ క్షణాన ఆ వరస దీపాలు వెలుగుతాయి. మూడు పాటలు, పదకొండు నిమిషాలు, రెండు వేల మూడు వందల పైచిలుకు గుర్తులు. అన్నీ అతను హెడ్‌ఫోన్ పెట్టుకుని పాట వింటూ ఒక్కొక్కటే పెట్టుకున్నవి.

చూసినవాళ్ళంతా బాగుందనేవారు. అని, కాస్త ఆగి, నవ్వేవారు. ఎందుకంటే దీపాలు పాటకు కొంచెం వెనకబడేవి. ఎంతో కాదు, కనురెప్ప వేసి తీసినంత. డ్రమ్ము 'ధన్'మన్నాక స్తంభాలు గుర్తు తెచ్చుకుని వెలిగినట్టుండేది. పక్కింటి టైలరు నోరు ఊరుకునే రకం కాదు. "మీ తమ్ముడి దీపాలు పాట అయిపోయాక చప్పట్లు కొట్టే రకం, టీచరుగారూ" అనేవాడు. ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది. తమ్ముడికి ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పింది.

"ఒరే, వీధంతా నవ్వుతున్నారు. ఒక్కసారి కూర్చుని దిద్దుకోరాదూ?"

"దిద్దడం నీ ఉద్యోగం అక్కా. నాకెందుకు అంటగడతావు?"

అంతటితో సరి. నవ్వేవాడే కానీ జవాబు చెప్పేవాడు కాదు. చిన్నప్పుడు బడికి కూడా రెండో గంట కొట్టాకే వెళ్ళేవాడు కాబట్టి, ఇదీ ఆ తంతేనని ఆమె అనుకుంది. చెవి విన్నాక వేలు కదలడానికి కొంత సమయం పడుతుంది. అది కూడా సైన్సే. ఆమెకు అనుమానం రాలేదు.

ఈ ఏడాది దీపాలు పెట్టాలా వద్దా అన్నది అక్టోబరులో వచ్చిన మాట. అడిగింది టీచరే. మరదలు డ్యూటీకి వెళ్ళడానికి కింది హాల్లో అద్దం ముందు నిలబడి యూనిఫారం గుండీలు పెట్టుకుంటోంది. వీధికి ఆ చివరనున్న బస్టాండులో ఆమె టికెట్ కౌంటరులో కూర్చుంటుంది. డిసెంబరులో రద్దీ ఎక్కువ. సెలవు దొరకదు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఆ గాజు డబ్బాలోనే.

"పెట్టండి వదినా. ఆయనుంటే పెట్టేవారేగా" అంది మరదలు. ఆఖరి గుండీ దగ్గర ఆగింది. "కానీ ఆయన చేసింది చేసినట్టుండాలి. మీరందులో వేలు పెట్టకండి."

"నేనెందుకు పెడతాను?"

"మీ సంగతి నాకు తెలీదా? కరెంటు బిల్లు వెనక అచ్చేసిన నోటీసులో కూడా తప్పులు దిద్ది వాళ్ళకి తిరిగి పంపించిన మనిషి మీరు."

"అందులో మూడు తప్పులున్నాయి."

"ఉంటే ఉండనీండి. ఇందులో ముప్ఫై ఉన్నా ఉండనీండి."

"సరే" అంది టీచరు. ఆ మాట అన్నప్పుడు ఆమెకు వేరే ఉద్దేశం లేదు.

నవంబరు మూడో వారంలో, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని తమ్ముడి ల్యాప్‌టాప్ తెరిచింది. హెడ్‌ఫోన్ పెట్టుకుంది. మొదటి పాట, మొదటి దెబ్బ. తెర మీద పాటతోపాటు నడిచే గీత ఆ దెబ్బను దాటి ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు గళ్ళు వెళ్ళాక గాని గుర్తు లేదు. రెండో దెబ్బకు ఆరు గళ్ళు. మూడో దానికి ఎనిమిది. తరవాత మళ్ళీ ఏడు. అన్నీ వెనకే. ఒక్కటీ సమయానికి రాలేదు.

ఆమె చాలాసేపు ఆ తెర చూస్తూ కూర్చుంది. వచ్చే నెల ఈ దీపాలు వెలుగుతాయి. వీధి జనం గేటు దగ్గర చేరతారు. మనిషి పోయాడు కనక ఈసారి ఎవరూ పైకి నవ్వరు. లోపల నవ్వుకుంటారు. లేకపోతే, పాపం అనుకుంటారు. పోయినవాడి మీద ఆ నవ్వు మిగిలి ఉండటం ఆమెకు ఇష్టం లేకపోయింది. జవాబు సరైనదే, దస్తూరి బాగులేదు. మంచి విద్యార్థికి దస్తూరి మూలంగా మార్కులు పోవడం ఆమె ఎన్నడూ ఒప్పుకోలేదు.

మొదటి గుర్తును పట్టుకుని ఏడు గళ్ళు ఎడమకు లాగింది. దెబ్బ మీద సరిగ్గా కూర్చుంది. రెండోది లాగింది.

స్కూలు నుంచి వచ్చాక రోజూ మూడు గంటలు, శనివారం పూటంతా, ఆదివారం మధ్యాహ్నం దాకా. రెండు వేల మూడు వందల గుర్తులు, ఒక్కొక్కటే. అర్థం లేకుండా ఉన్నవి ఒకటో రెండో కనబడితే కొట్టేసింది. ఆ రోజుల్లో ఆమెకు దాదాపు హాయిగా ఉంది. జూన్ తరవాత తమ్ముడి పక్కన అంతసేపు కూర్చున్నది అప్పుడే. "ఇదుగో, ఇక్కడ కూడా ఆలస్యమే" అని రెండు మూడుసార్లు పైకే అంది.

ఆదివారం మూడింటికి పని అయింది. పాత ఫైలు మీదనే కొత్తది సేవ్ చేసింది. దీపాల్ని నడిపే కంట్రోలర్ పెట్టెలోని మెమరీ కార్డులో మరో ప్రతి ఉంటే దాన్నీ చెరిపి కొత్తది ఎక్కించింది. ఒకే లెక్కకు రెండు జవాబులు రాసి వదిలేసే పిల్లలంటే ఆమెకు మొదటినుంచీ గిట్టదు.

శనివారం సాయంత్రం ఆరున్నరకి దీపాలు వెలిగాయి.

గేటు దగ్గర పాతికమంది దాకా ఉన్నారు. టైలరు తన భార్యనీ, షాపులో కుట్టే ఇద్దర్నీ వెంటబెట్టుకొచ్చాడు. మొదటి దెబ్బ పడింది. స్తంభాలు వెలిగాయి. దెబ్బకూ వెలుగుకూ మధ్య వెంట్రుకంత సందు లేదు. ఎవరో "అబ్బ!" అన్నారు. గంటలు మోగుతుంటే ప్రహరీ అంచున వెలుగు గంటతోపాటే పరిగెత్తింది. కోరస్ వచ్చినప్పుడు ఇల్లూ చెట్టూ ఒక్క ఊపున లేచాయి. జనం నిజంగానే చప్పట్లు కొట్టారు, పాట అయిపోకముందే.

"టీచరుగారూ, మీ చేతిలో పడితే రాయి కూడా పద్యం చెప్పేట్టుంది" అన్నాడు టైలరు. అని గొంతు తగ్గించాడు. "మీ తమ్ముడు చూసుంటే ఎంత సంతోషించేవాడో!"

ఆమె తలూపింది. ఫోన్ మోగింది. మరదలు.

"వదినా, స్పీకర్లేమన్నా మార్చారా?"

"లేదే."

"మరి ఇలా ఉందేంటి? దీపాలు ముందు పరిగెత్తిపోతున్నాయి, పాట వెనక కాళ్ళీడుస్తోంది."

"నీకక్కణ్ణుంచి అలా అనిపిస్తోందేమో. ఇక్కడ అందరూ చాలా బాగుందంటున్నారు."

"ఇన్నేళ్ళూ ఇక్కణ్ణుంచే కదా చూశాను." వెనకనుంచి ఎవరిదో టికెట్ అడుగుతున్న గొంతు. "మీరేం ముట్టుకోలేదుగా?"

"లేదు" అంది టీచరు.

ఎనిమిది ముప్పావుకి మరదలు ఇంటికొచ్చింది. కింద వరండాలో చెప్పులు విడిచి, "తిన్నారా?" అని అడిగి, జవాబు విని, పైకి వెళ్ళిపోయింది. దీపాల ఊసెత్తలేదు.

మర్నాడు సాయంత్రం ఏడింటి ఆటకు టీచరు గేటు దగ్గర నిలబడలేదు. మొదటి పాట మొదలవగానే బస్టాండు వైపు నడవడం మొదలుపెట్టింది. ఇల్లు వీధికి ఈ చివర అడ్డంగా ఉంటుంది. వీధి తాడు లాగినట్టు తిన్నగా పోయి బస్టాండు ముందు ఆగుతుంది. ఆమె పది అడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తూ నడిచింది.

టైలరు షాపు దగ్గర అంతా బాగానే ఉంది. లాండ్రీ దగ్గర ఏదో కొద్దిగా వదులైనట్టనిపించింది. మందుల షాపు దగ్గరికి వచ్చేసరికి అనుమానం లేదు. ముందు స్తంభాలు వెలుగుతున్నాయి, ఆ తరవాత డ్రమ్ము వినిపిస్తోంది. ఇంకో ముప్ఫై అడుగులు వేసింది. ఇప్పుడు వెలుగూ చప్పుడూ ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టున్నాయి. మరదలన్నట్టే పాట కాళ్ళీడుస్తోంది.

ఆమె ఫుట్‌పాత్ మీద నిలబడిపోయింది. ఎనిమిదో తరగతి, ధ్వని పాఠం. దూరంగా మేకు కొడుతున్న మనిషిని చూడండి పిల్లలూ, సుత్తి పడటం ముందు కనిపిస్తుంది, చప్పుడు తరవాత వినిపిస్తుంది, ఎందుకు? ముప్ఫై ఒక్కేళ్ళు ఆ ప్రశ్న అడిగింది. వెనక బెంచీ వాళ్ళకు కూడా జవాబు వచ్చేదాకా వదిలేది కాదు. వెలుగు వెంటనే వస్తుంది, శబ్దం సెకనుకు మూడు వందల నలభై మీటర్లే నడుస్తుంది. దీపాలు ఏడు గళ్ళు ఆగితే, గేటు దగ్గర నిలబడినవాళ్ళకి తాళం తప్పుతుంది. వీధి చివరి గాజు డబ్బాలో కూర్చున్న మనిషికి సరిపోతుంది.

అతను ఆలస్యం చేయలేదు. ఆగాడు. ఆరేళ్ళపాటు, వీధంతా నవ్వుతున్నా.

కౌంటరు ముందు ఆరుగురు క్యూలో ఉన్నారు. ఆమె వాళ్ళ వెనక నిలబడింది. వంతు వచ్చాక అద్దం కింది కంతలోకి వంగింది.

"ఎక్కడికి?" అంది మరదలు తలెత్తకుండా.

"నేనే."

"వదినా! మీరేంటి క్యూలో?"

"వేలు పెట్టాను."

"అయ్యయ్యో, ఏ తలుపులో? చూపించండి."

"తలుపులో కాదు. నువ్వు వద్దన్నదాన్లో. దీపాల గుర్తులన్నీ ముందుకు జరిపాను. నిన్న ఫోన్లో అబద్ధం చెప్పాను."

మరదలు చేతిలో టికెట్ల మిషను అలాగే ఉండిపోయింది. వెనకనున్న, గొడుగు పట్టుకున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "తల్లీ, కుటుంబ వ్యవహారాలు తరవాత చూసుకోవచ్చు. నా బస్సు స్టార్టు చేశాడు." టీచరు పక్కకు జరిగింది. మరదలు అతనికి టికెట్ కొట్టి ఇచ్చింది.

"అన్నీ జరిపారా?"

"అన్నీ."

"పాతది దాచారా?"

"లేదు."

"పరీక్ష పేపర్లయినా ఏడాది దాస్తారు కదా వదినా."

టీచరు ఇంకో ఇద్దరికి టికెట్లు అయ్యేదాకా ఆగి, అడగాల్సింది అడిగింది. "మొదటి ఏడాది వాడు దీపాలు పెట్టినప్పుడు, నువ్విక్కణ్ణుంచి చూసి వాడితో ఏమన్నావు?"

"ఎప్పటి మాట! నాకేం గుర్తు?"

"ఆలోచించు."

"ఏమన్నానూ... దీపాలదొక దారి, పాటదొక దారి, మీ అక్కాతమ్ముళ్ళలాగే ఒకరి మాట ఒకరికి పట్టదు అన్నాను." నవ్వబోయి మానేసింది. "తరవాత అదే సర్దుకుంది. గాలి మళ్ళిందేమో అనుకున్నాను."

"గాలి కాదు. అక్కణ్ణుంచి ఇక్కడికి పాట నడిచి రావాలి. వెలుగు నడవక్కర్లేదు. పాట నీ దగ్గరికి వచ్చేదాకా వాడు దీపాల్ని ఆపి ఉంచాడు. మా అందరికీ తప్పుగా ఉండేది, నీకొక్కదానికే సరిగ్గా ఉండేది."

మరదలు తరవాతి మనిషికి టికెట్ కొట్టింది. అతను దాన్ని దీపం వెలుగులో చూసుకుని వెనక్కి పెట్టాడు. "నేనడిగిన ఊరు ఇది కాదమ్మా."

"సారీ అండీ." ఇంకోటి కొట్టి ఇచ్చింది. తప్పు టికెట్‌ని నాలుగు మడతలు పెట్టి మేకుకి గుచ్చింది. "నాకు చెప్పనే లేదు" అంది.

"నాకూ చెప్పలేదు."

"మీరు మూడుసార్లు తిట్టారు కదా. అయినా చెప్పలేదా?"

"చెప్పలేదు."

అవతల చివర రెండో పాట అయిపోయి మూడోది మొదలైంది. మరదలు ఆ వైపు చూసింది. "మరి కిటికీ?" అంది.

"ఏ కిటికీ?"

"మా గది కిటికీ. నిన్న అది వెలగలేదు. ఇవాళ ఆరున్నరకీ వెలగలేదు. దాన్ని కూడా జరిపారా?"

టీచరుకు గుర్తొచ్చింది. పదహారో వరస. దాని పక్కన తమ్ముడు 'మేడ' అని రాసుకున్నాడు. మూడు పాటలకూ కలిపి ఆ వరసలో ఉన్నది ఒకే ఒక్క గుర్తు, మూడో పాటలో. ఏ దెబ్బ మీదా లేదు, ఏ దెబ్బకీ దగ్గరగా కూడా లేదు. మేడ మీద సీరియల్ బల్బుల సెట్లు కట్టనే లేదు. పొరపాటున వేలు తగిలి పడిన గుర్తు అనుకుంది. గేటు దగ్గర నిలబడితే వరండా శ్లాబు అడ్డం వచ్చి పైగది కిటికీ కనబడదు. వీధి జనానికి ఎవరికీ కనబడదు. దూరం నుంచి చూసేవాళ్ళకి కనబడుతుంది.

"అది తప్పనుకున్నాను" అంది. "కొట్టేశాను."

"కొట్టేశారా?"

"ఏమిటది?"

"ఏం లేదు లెండి." మరదలు మిషను మీద కాగితం చుట్ట సరిచేసింది. "రెండో ఏడు నేనే ఏదో అన్నాను. వీధి వీధంతటికీ దీపాలు పెడతారు, పెళ్ళానికేంటి అన్నాను. మర్నాటి నుంచి అది వచ్చింది. మంచం పక్కన పెట్టుకునే లైటే, కిటికీలో పెట్టి దానికొక వైరు లాగారు. ఒక్కసారి వెలిగి ఆరేది. అంతే."

"పాటలో ఎక్కడ?"

"మూడో పాటలో."

"మూడో పాటలో ఎక్కడ?"

"నేను టికెట్లిస్తూ ఉండేదాన్ని కదా వదినా. తలెత్తినప్పుడు దొరికితే దొరికేది, లేకపోతే పోయేది. ఆయన అడిగేవారు, ఇవాళ చూశావా అని. దొరకని రోజు కూడా చూశాననే చెప్పేదాన్ని."

మూడో పాట అయిపోయేదాకా ఇద్దరూ ఆ వైపే చూశారు. కిటికీ చీకటిగా ఉంది.

సోమవారం పొద్దున స్కూలుకి వెళ్ళేముందు టీచరు డ్రిల్లు మాస్టారి ముప్ఫై మీటర్ల టేపు పట్టుకుని వీధిలో నిలబడింది. రెండో కొస పట్టుకోవడానికి టైలరు దొరికాడు.

"కొలతలకి నన్ను పిలవడం న్యాయమే గానీ, నా టేపు అరవై అంగుళాలదే టీచరుగారూ. ఎవరికి కుడుతున్నారు ఇంత చొక్కా?"

"గట్టిగా పట్టుకోండి. వంగకుండా."

"ఇంతకీ ఎందుకండీ?"

"పాట ఎంత దూరం నడుస్తుందో చూద్దామని."

టైలరు ఆమె మొహంలోకి చూసి టేపు బిగించి పట్టుకున్నాడు. స్పీకర్ల దగ్గర్నుంచి కౌంటరు అద్దం దాకా మూడు నిండు టేపులు, ఆ పైన ఇరవై తొమ్మిది మీటర్లు. నూటపంతొమ్మిది. దాన్ని మూడు వందల నలభై చేత భాగిస్తే సెకనులో నూటికి ముప్ఫై అయిదు పాళ్ళు. సెకనుకు ఇరవై గళ్ళయితే, సరిగ్గా ఏడు. తమ్ముడి దగ్గర టేపు లేదు. భాగహారం చేసి ఉండడు. మొదటి రోజుల్లో ఈ చివరికీ ఆ చివరికీ ఎన్నిసార్లు నడిచి చూసుకున్నాడో ఎవరికీ తెలియదు.

టైలరు ఫోన్లో కిందటేడు గేటు దగ్గర తీసిన వీడియో ఉంది. దాన్ని పెట్టుకుని ఆమె ఇంకోసారి సరిచూసింది. తేడా ఏడు దగ్గరే తేలింది. ఆ వీడియోలో వరండా శ్లాబు వరకే ఉంది. పైన ఏమీ పడలేదు.

వారం పట్టిన దిద్దుబాటు వెనక్కి పోవడానికి రెండు నిమిషాలు పట్టింది. గుర్తులన్నిటినీ ఒకేసారి ఎంచుకుని ఏడు గళ్ళు కుడికి జరపడమే. తమ్ముడివి కొన్ని ఆరు, కొన్ని ఏడు, కొన్ని ఎనిమిది ఉండేవి. ఏది ఆరో ఏది ఎనిమిదో ఆమె రాసుకోలేదు. ఇప్పుడు అన్నీ ఏడే. ఈసారి పాత ఫైలును చెరపకుండా పక్కన ఉంచింది.

ఆ సాయంత్రం మొదటి దెబ్బ పడ్డాక, కొంచెం ఆగి, స్తంభాలు వెలిగాయి. గేటు దగ్గరున్నవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

"అయ్యో, మళ్ళీ మొదటికొచ్చిందే!" అన్నాడు టైలరు. "మొన్న దిద్దారుగా?"

"దిద్దినదే తప్పు."

"టీచర్లు కూడా తప్పు దిద్దుతారా?"

"దిద్దుతారు." పొద్దున టేపు పట్టుకున్నాడు కనక, అతనికి నాలుగు మాటల్లో సంగతి చెప్పింది. టైలరు బస్టాండు వైపు చూశాడు. ఇంటి వైపు చూశాడు.

"అంటే, ఆ ఒక్క మనిషి కోసం మనమందరం తాళం తప్పాలా?"

"అవును."

"ఆరేళ్ళు నన్ను నవ్వనిచ్చాడే!" అన్నాడు టైలరు. ఆ తరవాత ఆ సాయంత్రమంతా అతను జోకులు వేయలేదు. అతని భార్యకు అది వింతగా తోచి ఒంట్లో బాగుందా అని అడిగింది.

ఏడుంపావుకి ఫోన్ వచ్చింది.

"కలిసింది వదినా."

"సరిగ్గా ఉందా?"

"సరిగ్గానే ఉంది. కాకపోతే కొత్త చెప్పుల్లా ఉంది. కొలత అదే, కాలికి తెలుస్తోంది." వెనక ఎవరో చిల్లర అడుగుతున్నారు. "పోనీండి. ఉంటాను."

మిగిలింది కిటికీ. బుధవారం సెలవు పెట్టి, మరదలిని అడిగి, టీచరు పైగదిలోకి వెళ్ళింది. జూన్ తరవాత అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. కిటికీ గట్టు మీద చిన్న లైటు. వైరును గోడ పొడుగునా ఇన్సులేషన్ టేపుతో అంగుళం వంకర లేకుండా అతికించాడు. స్విచ్చి నొక్కితే వెలిగింది. లైటులో లోపం లేదు.

మూడో పాటను ఆమె హెడ్‌ఫోన్‌లో పదకొండుసార్లు వింది. రెండో చరణం తరవాత వాయిద్యాలన్నీ ఆగి, నాలుగు సెకన్ల నిశ్శబ్దం ఉంటుంది. అక్కడ అయివుండవచ్చు. పాట పూర్తయ్యాక ఇల్లంతా ఆరిపోయే చోట అయివుండవచ్చు. కోరస్‌కి ముందు గాయకుడు ఊపిరి పీల్చుకునే చోట కూడా కావచ్చు. ఆ గుర్తును చూసింది ఆమే. కొట్టేసింది ఆమే. తెరకు ఎడమవైపు ఉన్నట్టు లీలగా గుర్తు. తెర ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది కాబట్టి అది ఎందుకూ పనికిరాదు.

రాత్రి భోజనాల దగ్గర కాగితం ముందు పెట్టుకుని మరదలిని అడిగింది.

"పాట ఆగిన చోటా, ఆగకముందా?"

"చెప్పలేను వదినా."

"ఆ సమయానికి మిగతా దీపాలు వెలుగుతూ ఉండేవా?"

"ఉండేవనుకుంటా. ఉండేవి కావేమో. నేను కిటికీనే చూసేదాన్ని."

"పోనీ, ఈ మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట పెట్టనా?"

మరదలు కంచం తీసుకుని లేచింది. కుళాయి తిప్పింది. కంచం కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంది.

"మీరు పెడితే నేను చూస్తాను" అంది. "నాలుగు రోజులు చూస్తే అదేననిపిస్తుంది. తరవాత అసలుది గుర్తొచ్చినా నమ్మను. వద్దు లెండి."

"మరి?"

"గుర్తొస్తే చెప్తాను."

టీచరు కాగితం మడిచింది. మూడు చోట్లూ ఆమె పెన్సిల్‌తోనే రాసింది.

ఆ నెలంతా దీపాలు రోజూ మూడుసార్లు వెలిగాయి. గేటు దగ్గర జనం కొంచెం తగ్గారు. బస్టాండు వైపు ఫుట్‌పాత్ మీద అప్పుడప్పుడూ ఒకరిద్దరు నిలబడి చూసేవారు. అందులో టైలరు ఒకడు. డిసెంబరు ముప్ఫై ఒకటిన వదినా మరదళ్ళిద్దరూ సెట్లు విప్పి, చుట్టలు చుట్టి, అట్టపెట్టెల్లో సర్దారు. కిటికీలోని లైటును మాత్రం తీయలేదు.

మూడో పాట నిడివి నాలుగు నిమిషాల అయిదు సెకన్లు. అంటే పదహారో వరసలో నాలుగు వేల తొమ్మిది వందల గళ్ళు. వాటిలో ఒకదానిలో గుర్తు పెట్టాలి. ఇంకా పెట్టలేదు.